లక్ష కిలోమీటర్లు దాటిన ఇటలీ బండి సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? కొన్నవాణ్ణి చెబుతున్నా

ప్రశ్న వేసినాయన 1,20,000 కిలోమీటర్లు తిరిగిన ఫియట్ లీనియా టీ-జెట్ (టర్బో పెట్రోలుది) అనే ఇటలీ స్పోర్ట్స్ సెడాన్ ఒకటి చూశారట. రేటు లక్షా తొంభై వేలు చెబుతున్నారట. ఇంట్లో అంతా వద్దంటున్నారట. ఇంతమంది వద్దన్నాక కూడా ఇక్కడికొచ్చి అడుగుతున్నారంటే ఆ బండి మీద మీ మనసు పడిపోయింది, ఇక మేం చెప్పేదేముంది? కొనేయండి. నేను 2011 మోడల్‌ని 2019లో 1,18,000 కిలోమీటర్ల దగ్గర కొన్నాను. ఇవాళ మీటరు 1,74,000 మీద ఉంది.

కింద ఎవరో ఒకరు వచ్చి "లీనియా స్పోర్ట్స్ సెడాన్ ఏమిటండీ, అసలు అది ఇటలీదేనా" అని మొదలుపెడతారు, నాకు తెలుసు. నిజమే, పేరు ఇటలీది, తొలుత రోడ్డెక్కింది టర్కీలో, మన దగ్గర నడిచేవి పూణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారైనవి. ఎక్కడ పెరిగినా మేనమామ పోలికలు పోతాయా? 1368 సీసీ ఇంజన్, దానికి గాలి ఎక్కువగా కుక్కే ఒక టర్బో, 114 హార్స్‌పవర్, 207 న్యూటన్ మీటర్ల టార్కు, అదీ 2200 ఆర్‌పీఎంకే. ఇప్పటి కార్లలో లాగా చిటికెన వేలితో తిరిగే కరెంటు స్టీరింగ్ కాదు, హైడ్రాలిక్‌ది. కొంచెం బరువు, కానీ టైరు కింద గులకరాయి నలిగినా చేతికి తెలుస్తుంది. మూడో గేరులో లారీని దాటేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు రెండు వేలు దాటగానే వెనక నుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్టు ఉంటుంది. అసలైన ఇటలీ స్పోర్ట్స్ సెడాన్ అంటూ ఆల్ఫా రోమియో జూలియా గురించి రాయబోయేవాళ్లు ఆగండి, దాన్ని మన దేశంలో అమ్మనే లేదు.

ఇక కిలోమీటర్ల సంగతి. సెకండ్ హ్యాండ్‌లో లక్ష దాటిన బండినే నమ్మాలనేది నా సిద్ధాంతం. ఎనిమిదేళ్ల పాత కారుకి "42,000 మాత్రమే తిరిగింది" అని యాప్‌లో పెట్టారంటే, అది షెడ్డులో పెట్టి పూజ చేసిన బండైనా అయ్యుండాలి, మీటరు వెనక్కి తిప్పిన బండైనా అయ్యుండాలి. లక్షా ఇరవై వేలని చెప్పేవాడికి దాచడానికి ఏముంటుంది? మీటరు అబద్ధం చెప్పొచ్చు గానీ క్లచ్ పెడల్ మీది రబ్బరు చెప్పదు. గీతలన్నీ అరిగి నున్నగా బొటనవేలు గుర్తు పడి ఉందంటే మీటర్లో నలభై వేలున్నా, లక్ష దాటిందని రాసిపెట్టుకోండి.

నా బండి మొదటి ఓనరు విత్తనాల వ్యాపారంలో ఉండేవాడు. కర్నూలు, నంద్యాల, ఆదోని, అనంతపురం, రోజూ హైవే తిరుగుడే. అలా తిరిగిన లక్ష, అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర క్లచ్ తొక్కుతూ తిరిగిన నలభై వేల కంటే నయం. ముందు డ్రాయర్‌లో ఒక పాకెట్ డైరీ ఉంది. ఏ తేదీన ఏ ఆయిల్ పోయించాడో, బ్యాటరీ ఎప్పుడు మార్చాడో, చివరికి ఏ బంకులో పెట్రోలు తేడాగా అనిపించిందో కూడా రాసుకున్నాడు. ఆ డైరీ చూశాక బేరం ఆపేసి లక్షా డెబ్భై ఐదు వేలు లెక్కపెట్టాను. ఏపీ 21 నంబరు బండిని హైదరాబాద్‌లో నా పేరు మీదకి మార్పించుకోవడానికి ఎన్‌ఓసీ అనీ లైఫ్ టాక్సనీ తిరిగిన తిరుగుడు మాత్రం ఇక్కడ రాయను, అది ఇంకో జవాబంత ఉంటుంది.

మా మామగారికి బండి చూపించడానికి తీసుకెళ్లాను. ఆయన కాలంలో ఫియట్ అంటే స్టీరింగ్ పక్కన గేరు రాడ్ ఉండే ప్రీమియర్ పద్మిని. చుట్టూ తిరిగి చూసి, "మైలేజ్ ఎంత అల్లుడుగారూ?" అన్నారు. "లక్షా పద్దెనిమిది వేలు మావయ్యగారూ" అన్నాను. "అది కాదండీ, లీటరుకి." సిటీలో తొమ్మిది, హైవే మీద పదమూడు అని చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. అప్పటి నుంచి పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ నాకు ఫోన్ చేస్తారు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఆ తొమ్మిదిలోనూ అర కిలోమీటరు తగ్గిందని నా అనుమానం. లెక్క చూపించమని అడక్కండి, ఆయనకి మాత్రం చెప్పకండి.

ఖర్చు దాచను. కొన్న నెలలోనే ముప్పై రెండు వేలు పెట్టాను. అందులో ముఖ్యమైనది టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ తాళం తప్పకుండా చూసే పట్టీ), దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తిప్పే వాటర్ పంపు. ఈ ఇంజన్లో వాటర్ పంపుని తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. అందుకని విప్పినప్పుడే అన్నీ మార్చేయాలి. మూడు వేలు మిగులుతాయని పాత పంపు వదిలేస్తే, రేపు అది కారినప్పుడు మళ్లీ మొత్తం విప్పాలి, కూలీ రెండుసార్లు. బెల్టు తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగులుతాయి, ఇంజన్ బిల్లు బండి రేటుని దాటిపోతుంది. అంత వివరంగా రాసిన డైరీలో బెల్టు ఊసు మాత్రం లేదు మరి. మీరు చూసిన బండికి బెల్టు మార్చిన బిల్లు అడగండి. "మొన్ననే మార్పించాం సార్" అనే మాటని లెక్కలోకి తీసుకోకండి. బిల్లు లేకపోతే పాతిక వేలు తగ్గించమనండి.

అందరూ భయపెట్టేది టర్బో గురించి. నేనూ ఒకసారి బాగా భయపడ్డాను. 2023 సంక్రాంతి అయ్యాక గుడివాడ నుంచి తిరిగొస్తున్నాం. డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బా, మా అత్తగారు పెట్టిన గుమ్మడికాయ. సూర్యాపేట ఇంకో పది కిలోమీటర్లుందనగా ఒక పొడుగాటి ట్రాలీని దాటుదామని గట్టిగా తొక్కాను. ఫట్‌మని చప్పుడు. ఆ తర్వాత ఎంత తొక్కినా బుస్సుమని గాలి చప్పుడే తప్ప బండిలో ఊపు లేదు, అరవై దాటట్లేదు. ఎదురుగా పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. పండగ రద్దీ, వెనక హారన్లు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా ఫోన్‌లో సూర్యాపేట నుంచి బస్సులు చూడటం మొదలుపెట్టింది.

పక్కకి తీసి, అప్పట్లో నేను వెళ్తుండే ఒక పెద్ద ఏసీ వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. అక్కడి అడ్వైజర్ బండి చూడలేదు, చప్పుడు వినలేదు. "టర్బో పోయింది సార్, ఇక స్టార్ట్ చేయకండి, టో చేయించి పంపండి, తొంభై వేల దాకా అవుద్ది" అన్నాడు. కొన్న రేటులో సగం! మన పెద్ద షెడ్లకి ఇదొక జబ్బు, స్కానర్ పెడతారు గానీ చెవి పెట్టరు. ఇతను అదీ పెట్టలేదు.

మొండికేసి ముప్పై స్పీడులో పాకించుకుంటూ రోడ్డు పక్కన ఒక లారీల షెడ్డు దాకా తీసుకెళ్లాను. పాతికేళ్లు కూడా లేని కుర్రాడు, మోచేతుల దాకా గ్రీజు. బానెట్ ఎత్తి నన్ను యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. ఒక్కసారి విన్నాడంతే. "ఏంగాలె సార్. గాలి పైపు ఊసిపోయింది. లారీలకు రోజూ ఇదే లొల్లి." టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు పైపులు ఉంటాయి. వాటిలో ఒకటి కొస దగ్గర జారి బయటికొచ్చేసింది. టర్బో కుక్కిన గాలంతా దారిలోనే పోతోంది.

పైపు లోపలికి తోసి క్లిప్పు బిగించేస్తే వెళ్లిపోవచ్చనుకున్నాను. అతను ఒప్పుకోలేదు. పైపు కొసలో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి నా ముందు పెట్టాడు, పల్చగా ఆయిల్ జిడ్డు. "ఇది ఉంటే మల్ల ఊసిపోతది." గుడ్డని పెట్రోలులో ముంచి లోపలా బయటా తుడిచాడు. ఆరేదాకా ఆగాడు. పాత క్లిప్పు విసిరేసి, లారీలకి వాడే వెడల్పాటి క్లిప్పు వేసి బిగించాడు. తర్వాత అడక్కుండానే పైపు మీద నుంచి దాని కింది గొట్టం మీదికి తెల్ల పెయింటుతో చిన్న గీత గీశాడు. పైపు కాస్త జారినా ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తుందట. మొత్తం పావుగంట, రెండు వందల యాభై రూపాయలు. అరిసెలు ఇస్తే రెండు చాలన్నాడు, మా ఆవిడ ఆరు పెట్టింది. పంతంగి టోల్ దగ్గర జనంలో ఇరుక్కున్న గంటసేపూ నేను ఉష్ణోగ్రత ముల్లు చూస్తూనే కూర్చున్నాను, అది కదల్లేదు. ఆ గీత కూడా ఇప్పటిదాకా చీలలేదు.

స్పేర్లు దొరకవంటారు, అది సగమే నిజం. 2019 నాటికి ఫియట్ కార్ల అమ్మకం ఇక్కడ ఆగిపోయింది. డీజిల్ లీనియా అయితే బెంగే లేదు, అందులోని 1.3 మల్టీజెట్ ఇంజన్ మారుతి స్విఫ్ట్ డీజిల్‌లోనూ ఉంది, ఏ సందులో మెకానిక్కయినా కళ్లు మూసుకుని విప్పుతాడు. టీ-జెట్ సామాను కోసం మాత్రం ఓపిక పట్టాలి. ఇదే ఇంజన్ని 145 హార్స్‌పవర్‌కి పెంచి ఫియట్ వాళ్లదే అబార్త్ పుంటో అనే చిన్న కారులో పెట్టారు గానీ, అవి రోడ్డు మీద కనిపిస్తే కదా. ఇంజన్ సామాను ఎలాగోలా వస్తుంది, ఏడిపించేది బాడీ సామానే. వెనక లైటు ఒకటి పగిలితే నాలుగు నెలలు వెతికాను. చివరికి కోయంబత్తూరులో పాత లీనియా విప్పుతున్న ఒకాయన పంపాడు, పాత చీరలో చుట్టి, కొరియర్‌లో.

నా బండికి పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చేయించాలి. మామగారు ఇప్పటికే ఒక ఎలక్ట్రిక్ కారు బ్రోచర్ వాట్సాప్‌లో పంపారు, ఇంకా తెరవలేదు. మీ బండి ఏ ఊళ్లో ఉందో రాయలేదు. హైదరాబాద్ చుట్టుపక్కలైతే చెప్పండి, ఆదివారం నాకు ఖాళీయే, వచ్చి ఆ పెడల్ రబ్బరు చూసి పెడతాను.