వరద రాత్రి చర్చి మేడ తాళం ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: మాది కోవూరు మండలంలో పెన్న పొర్లుకట్టకు దగ్గరి పల్లె. మా చర్చి కట్టి ఇరవై ఏళ్లు దాటింది. 2021 వరదకు లోపల మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి. ఆ రోజు ఆరాధన లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారి వానలకు ముందే తహసీల్దారు ఆఫీసు వాళ్లు వచ్చి, వరదొస్తే మా మేడ మీది హాలు పునరావాస కేంద్రానికి కావాలన్నారు. కమిటీలో సగం మంది వద్దంటున్నారు. అక్కడ ఎవరికైనా ఏమన్నా అయితే కేసు మన మెడకు చుట్టుకుంటుందని వాళ్ల భయం. పాస్టరు గారేమో దేవుని మందిరం తలుపు మూయకూడదంటారు. డిసెంబరులో రాత్రి ప్రార్థనలు కూడా ఉంటాయి. మా బాధ్యత ఎంతవరకు? కాగితం ఏదన్నా రాసిపెట్టుకోవాలా?
- ఒక సంఘ కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ, మీ కమిటీ వాళ్లు భయపడటంలో తప్పు లేదు. కాకపోతే భయపడాల్సింది తలుపు తీయడానికి కాదు. నీళ్లు వస్తున్నాయని కబురు అందాక కూడా జనాన్ని లోపల కూర్చోబెట్టడానికి. ఈ రెండూ వేరు వేరు సంగతులని కమిటీకి అర్థమైతే మీ తగాదా సగం తీరినట్టే.

కోర్టుల్లో 'యాక్ట్ ఆఫ్ గాడ్' అని ఒక వాదన ఉంది. తెలుగులో దైవఘటన అంటాం. చర్చి వాళ్లకు ఈ మాట వివరించాల్సి రావడం నాకే కాస్త నవ్వు తెప్పిస్తోంది. ఎవరూ ఊహించలేనిది, ఎంత జాగ్రత్త పడ్డా తప్పించుకోలేనిది అయితేనే ఆ వాదన నిలబడుతుంది. 2021 నవంబరుకు ముందైతే మీరు ఆ మాట అనగలిగేవారేమో. ఆ నెల 19న పైన, పెన్నలో కలిసే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల మీదికి నీళ్లెక్కాయి. మీ చర్చి గోడ మీద ఆ నీటి గుర్తు ఇప్పటికీ ఉండే ఉంటుంది. ఎన్నిసార్లు రంగు వేయించినా ఆ గీత కింద ఉప్పు పొంగి పెచ్చులు లేస్తూనే ఉంటుంది. రేపు బాధితుల తరఫున వాదించేది నేనైతే, జడ్జి గారికి ముందుగా చూపించేది ఆ గోడ ఫొటోనే. ఒకసారి చూసిన నీళ్లను రెండోసారి 'అనుకోలేదు' అనడం కుదరదు.

నష్టపరిహారం సంగతిలో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు కేసు గుర్తుపెట్టుకోండి. 1997లో అక్కడ అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం హాలు వాళ్ల మీద, 15 శాతం కరెంటు బోర్డు మీద వేసింది. అది నిప్పు, మీది నీళ్లు. అది టికెట్టు వ్యాపారం, మీది ఆరాధన. అయినా జనాన్ని తన కప్పు కిందికి పిలిచినవాడు వాళ్లు బయటపడే దారి కూడా చూడాలన్న సూత్రం ఇద్దరికీ ఒకటే. అక్కడ బయటికి పోయే దారికి అడ్డంగా సీట్లు వేశారు. మన చర్చిల్లో రెండో తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీల దొంతర్లు ఉంటాయి. మీ చర్చిలో లేవంటే సంతోషం.

క్రిమినల్ కేసు అంత తేలిగ్గా రాదు. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, అయిదేళ్ల దాకా జైలు. అయితే మామూలు ఏమరుపాటు దానికి చాలదు, ఒళ్లు తెలియని నిర్లక్ష్యం ఉండాలని కోర్టులు చెబుతూ వచ్చాయి. ఆశ్రయం ఇచ్చిన హాల్లో ఒక పెద్దాయన గుండె ఆగి పోయారనుకోండి, అది మీ నేరం ఎలా అవుతుంది? అదే కలెక్టరు ఊరు ఖాళీ చేయమన్న తర్వాత కూడా కింద హాల్లో రాత్రి ప్రార్థన నడిపారనుకోండి, అప్పుడు పాస్టరు గారూ మీరూ ఇద్దరూ ఇబ్బందిలో పడతారు. అధికారి ఆదేశం ధిక్కరించి ప్రాణాపాయం తెస్తే అదే సంహిత 223వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష ఉంది. విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ఇంకా గట్టిది. దాని కింద ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల దాకా. ఆరాధన హక్కు రాజ్యాంగం ఇచ్చిందే గానీ, ప్రజల ఆరోగ్యానికి, శాంతిభద్రతలకు లోబడి ఉండాలని 25వ అధికరణం మొదట్లోనే అంది. పాస్టరు గారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆయన తలుపు మూయక్కర్లేదు. కింది హాలు ఆపి మేడ తెరిస్తే చాలు.

ఇక హాలు ఇవ్వాలా వద్దా అన్నదానికొస్తే, 'వద్దు' అనే వీలు మీకు అనుకున్నంత లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద జిల్లా విపత్తు సంస్థ గానీ, అది అధికారం ఇచ్చిన అధికారి గానీ, రక్షణ పనులకు ఏ కట్టడాన్నయినా రాతపూర్వక ఆదేశంతో తీసుకోవచ్చు. ఆ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. 66వ సెక్షన్ కింద అద్దె లెక్కన పరిహారం అడగొచ్చు. చర్చి అద్దె అడగడం బాగుండదని మీరు వదిలేస్తే అది మీ ఇష్టం. కానీ కాగితం మాత్రం వదలకండి. 'సార్, ఆర్డరు కాపీ ఇప్పించండి' అని మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తాళం ఇచ్చే రోజు తేదీ, గంట, ఏ హాలు, ఎంత మందికి, భోజనం, మరుగుదొడ్లు ఎవరు చూస్తారు అని ఒక తెల్లకాగితం రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, నాలుగు ఫొటోలు తీసుకోండి. అంతకుముందే ఒక లైసెన్సు ఇంజినీరును పిలిపించి మేడ ఎంతమంది బరువు మోయగలదో రాయించుకోండి. ఇరవై ఏళ్ల శ్లాబు, పైగా ఒకసారి పునాది నానింది. ఆ ఫీజు దగ్గర బేరమాడకండి.

చర్చికి వరద ప్రణాళిక ఉండి తీరాలని విడిగా చట్టమేదీ మీ మెడ మీద కత్తి పెట్టలేదు. అయినా రాయండి, అదే రేపు మీకు సాక్ష్యం. పెద్ద ఫైలు వద్దు, మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ తీర్మానం చాలు. ఆరాధన ఆపాలని చెప్పేది ఎవరు? ఒక్క పేరు రాయండి, ఆయన ఊళ్లో లేకపోతే రెండో పేరు. కమిటీ కూర్చుని తేల్చేలోపు పెన్న ఆగదు. మేడ మెట్ల తలుపు తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, వాళ్లలో ఒకరి ఇల్లు చర్చి పక్కనే ఉండాలి. నేను చూసిన ఒక చర్చిలో ఆ తాళం పక్క ఊళ్లో ఉండే కోశాధికారి బీరువాలో ఉండేది. మీటరు, మెయిన్ స్విచ్ 2021 గీతకు పైకి మార్పించండి. అప్పటిదాకా నీళ్లు గుమ్మం ఎక్కకముందే మెయిన్ ఆపే మనిషి ఎవరో రాయండి. లేవలేని ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో మీ సంఘానికి తెలిసినంత బాగా ఏ ఆఫీసుకూ తెలియదు, ఆ జాబితా వీఆర్వోకు ఒక కాపీ ఇవ్వండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, ఈ రెండు నంబర్లు గోడ మీద పెయింటుతో రాయించండి.

మైకు సంగతి చాలామందికి తెలియదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదన్న నియమానికి ప్రజా అత్యవసర పరిస్థితి మినహాయింపు. అందుచేత వరద హెచ్చరికకు మీ గోపురం మైకు అర్ధరాత్రి అయినా వాడొచ్చు, దండోరా కన్నా దూరం వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: వాట్సాప్‌లో 'సోమశిల గేట్లు తెగాయి' అని ఎవరో పెట్టింది చదివేయకండి. జనాన్ని భయపెట్టే అబద్ధపు హెచ్చరిక చేస్తే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుంది. కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి, ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకో రాసుకుని అప్పుడు మైకు అందుకోండి.

పెళ్లి రిజిస్టరు ఎక్కడుంది? 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిళ్లకు అదే ఆధారం. వితంతు పింఛను దగ్గర, ఆస్తి తగాదాల దగ్గర నా ముందు ఎన్నోసార్లు ఆ పేజీయే నిలబడింది. కింది బీరువాలో అడుగు అరలో ఉంటే ఇవాళే పైకి చేర్చండి, పేజీ పేజీ ఫొటో తీయించండి. బాప్తిస్మం పుస్తకం కూడా.

బీమా ఉంటే పాలసీలో తుపాను, వరద, ముంపు అన్న భాగం తీసేశారేమో చూడండి. ప్రీమియం తగ్గుతుందని కొందరు తీయిస్తారు. కట్టడం విలువ 40 లక్షలైతే 20 లక్షలకే బీమా చేయించారనుకోండి, 4 లక్షల నష్టానికి దాదాపు 2 లక్షలే వస్తాయి, అందులోనూ కోత ఉంటుంది. కీబోర్డు, మిక్సరు, జనరేటరు పేర్లు విడిగా రాయించాలి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. స్థలం పట్టాదా, నది పోరంబోకా? పోరంబోకైతే 1905 భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు రావచ్చు, ముందే చూసుకోవడం మంచిది. దస్తావేజు కాపీ, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) పంపండి, చూసి చెబుతాను.