సూది కంటే ముందు ఊపిరి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

‘వచ్చే వారం నుంచి సీటీ గైడెడ్ లంగ్ బయాప్సీలు నన్నే చెయ్యమన్నారు సార్, టెన్షన్‌గా ఉంది’ అని రాశావు. స్కాన్‌లో చూస్తూ సూదితో ఊపిరితిత్తి గడ్డలోంచి ముక్క తీయడం కదా, టెన్షన్ ఉండాలమ్మా. రిటైరయ్యే రోజు దాకా నాకూ ఉంది.

కేసు రాగానే సూది సైజు గురించి ఆలోచించకు. పాత స్కాన్లన్నీ తెరిచి చూడు. ఆ గడ్డ బ్రాంకోస్కోపీకి (శ్వాసనాళంలోంచి గొట్టం వేసి చూడటానికి) అందుతుందా? కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు రక్తనాళంలా వెలుగుతోందా? గొర్రెలూ కుక్కల మధ్య బతికిన మనిషికి నీటితిత్తి లాంటిది కనబడితే హైడాటిడ్ (బద్దెపురుగు తిత్తి) అనుమానించి చెయ్యి వెనక్కి తీసుకో. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అంటే మనవాళ్ళు లేదనే అంటారు. మాత్రల సంచీ తెప్పించి నీ కళ్ళతో చూడు. రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ మామూలుగా 5 రోజుల ముందు ఆపుతాం, కానీ స్టెంటు వేసిన మనిషైతే గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఆపొద్దు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపే లెక్క) 1.5 దాటకూడదు, ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉండాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది ఊపిరి దగ్గర. ఒక పెద్దాయనకి ఊపిరితిత్తి కింది లోబులో (భాగంలో) చిన్న గడ్డ. ‘ఊపిరి బిగబట్టండి’ అన్నాను. పాపం, బావిలో దూకేవాడిలా గుండె నిండా గాలి పీల్చి బిగబట్టాడు. గడ్డ జారి పక్కటెముక చాటుకు పోయింది. మళ్ళీ స్కాన్, మళ్ళీ గుర్తు. తప్పు ఆయనది కాదు, నా మాటది. అప్పట్నుంచి టేబుల్ ఎక్కించక ముందే పక్కన కూర్చుని, ‘మామూలుగా వదలండి, అక్కడే ఆగండి’ అని నాలుగైదుసార్లు చేయించేవాణ్ణి. ప్రతిసారీ ఒకే చోట ఆగడం ముఖ్యం. దగ్గు ఎక్కువున్న మనిషికి ముందు దగ్గు తగ్గించు. సూది ఊపిరితిత్తి మీది పొర (ప్లూరా) దాటాక దగ్గితే నీ ప్లానంతా గోవిందా.

దారి విషయానికొస్తే, దగ్గర దారి కంటే ఉబ్బిన గాలిబుడగలూ (బుల్లాలు), లోబుల మధ్య చీలికలూ (ఫిషర్లు) తగలని దారి మేలు. పొరకు వీలైనంత నిటారుగా, పక్కటెముక పై అంచును ఆనుకుని వెళ్ళు. కింది అంచున రక్తనాళాలుంటాయి. మత్తు మందు పొర గుమ్మం దాకా ఇవ్వు, గడప దాటకు. కోయాక్సియల్ సూదైతే (బయటి గొట్టంలోంచి లోపలి సూది వెళ్ళేది) పొరకు ఒక్కటే రంధ్రం, ఆ గొట్టంలోంచే కావలసినన్ని ముక్కలు తీసుకోవచ్చు.

ఇక నా తప్పొకటి చెబుతాను. గొట్టంలోపలి కడ్డీ (స్టైలెట్) తీసేసి, ముక్క కోసే గన్ బిగిస్తూ సిస్టర్‌తో ఏదో మాట్లాడుతున్నాను. గొట్టం మూతి తెరిచే ఉంది. పేషెంటు గట్టిగా ఊపిరి పీల్చాడు, ‘సుయ్’మని సన్నటి చప్పుడు. ఏమీ కాలేదు, అదృష్టం. ఆ గాలి సిరలోకి పోతే గుండెకీ, మెదడుకీ చేరుతుంది. చాలా అరుదు, కానీ ప్రాణం తీస్తుంది. మూతి మీద వేలు ఉంచు. అనుమానం వస్తే మనిషిని లేపి కూర్చోబెట్టకు, పడుకోబెట్టే నూరు శాతం ఆక్సిజన్ పెట్టి సాయానికి కేకెయ్యి.

ముక్కలన్నీ క్రిముల్ని చంపేసే ఫార్మలిన్‌లో వెయ్యకు. మన దగ్గర క్యాన్సర్ అనుకున్న గడ్డ టీబీగా తేలడం కొత్తేం కాదు. ఒక ముక్క సెలైన్‌లో వేసి టీబీ పరీక్షలైన సీబీనాట్‌కీ, కల్చర్‌కీ పంపు. లేకపోతే అదే మనిషిని మళ్ళీ పొడవాలి.

సూది తీయగానే పొడిచిన వైపు కిందకి వచ్చేలా తిప్పి పడుకోబెట్టు. దగ్గులో రక్తం పడినా అదే, మంచి ఊపిరితిత్తిలోకి పోకుండా ఉంటుంది. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) నూటికి 15 నుంచి 25 మందికి వస్తుంది, కంగారు పడకు. చాలామందికి ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉంటే చాలు, కొందరికే గాలి తీసే ట్యూబు. గంట తర్వాత ఒకటి, నాలుగు గంటల తర్వాత ఇంకొకటి ఎక్స్‌రే తీయించు.

రెండో ఎక్స్‌రే బాగుందని సాయంత్రం బస్సెక్కించకు. ఊరు దూరమైతే ఆ రాత్రి బంధువుల ఇంట్లోనో, లాడ్జిలోనో ఉండమను. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో తెలుగులో రాసి, వెంట వచ్చినవాళ్ళ చేతిలో పెట్టు.

మొదటి కేసు అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఫరవాలేదు.

మీ సార్