వెజైనోప్లాస్టీలో ఏ పద్ధతి ఎంచుకోవాలి?

వెజైనోప్లాస్టీ, అంటే ట్రాన్స్ మహిళలకు యోనిని అమర్చే సర్జరీకి, లోతు ఎక్కువ వస్తుందని పేగు ముక్క వాడే సిగ్మాయిడ్ పద్ధతి వైపు మొగ్గుతున్నానని, పెనైల్ ఇన్వర్షన్ చేయించుకున్నవాళ్లు ఏమంటారని అడిగారు. నాది పెనైల్ ఇన్వర్షనే. లోతు ఒక్కటే చూసి తేల్చుకోకండి. సర్జరీ తర్వాత రోజూ ఏం చేయాల్సి వస్తుందో ముందు అది చూడండి.

పెనైల్ ఇన్వర్షన్‌లో అంగం మీది చర్మాన్ని లోపలికి తిప్పి యోని గోడలుగా అమరుస్తారు. చాలకపోతే వృషణాల సంచి చర్మం కలుపుతారు. అంగం కొనలో కొంత భాగాన్ని నరాలు తెగకుండా ఉంచి క్లిటోరిస్‌గా మలుస్తారు. 1950లలో కాసాబ్లాంకాలో డాక్టర్ జార్జ్ బురూ చేసిన సర్జరీలే దీనికి మూలం. లోపల ఉండేది చర్మమే కాబట్టి లూబ్రికెంట్ తప్పదు. అక్కడి వెంట్రుకలను ముందే ఎలక్ట్రాలసిస్‌తోనో లేజర్‌తోనో తీయించుకోవాలి. అది నెలల పని, అయినా తొందరపడొద్దు. లోపల మొలిస్తే తీయడం మహా కష్టం.

సిగ్మాయిడ్‌లో పెద్దపేగు ముక్క వాడతారు. తడి దానంతట అదే ఉంటుంది, నిజమే. కానీ అవసరం లేనప్పుడు కూడా స్రావం వస్తుంది, కొందరికి వాసన ఉంటుంది. పైగా పేగు కోసి కుట్టడమంటే దాని రిస్కు దానికుంది. చర్మం చాలనివాళ్లకు, మొదటి సర్జరీ తర్వాత దారి మూసుకుపోయినవాళ్లకు అది మంచి మార్గం. పొత్తికడుపు లోపలి గోడకు ఉండే పొరతో చేసే పెరిటోనియల్ పద్ధతి కూడా ఉంది, దాని గురించీ అడగండి. లోపలి దారి అక్కర్లేదనుకుంటే జీరో డెప్త్ చాలు. బయటి రూపం వస్తుంది, డైలేషన్ (దారి మూసుకుపోకుండా డైలేటర్ అనే గట్టి కడ్డీని లోపల పెట్టి ఉంచడం) బాధ ఉండదు. అదేదో తక్కువ రకం అనుకోకండి.

ఇక డైలేషన్. సర్జరీలో లోపల కూరిన గుడ్డ (ప్యాకింగ్) తీశాక నర్సు నా చేతికి అద్దం ఇచ్చి, డైలేటర్‌కి జెల్ పట్టించి, ఎముక దాటేదాకా వాలుగా, ఆ తర్వాత తిన్నగా పోనివ్వాలని చూపించింది. ఊపిరి బిగబడితే కండరాలు బిగుసుకుంటాయి, మెల్లగా వదులుతూ చేయాలి. మొదటి నెలల్లో రోజుకు రెండు మూడుసార్లు తప్పదు. తర్వాత తగ్గుతుంది కానీ మానేస్తే దారి కుంచించుకుపోతుంది. తలుపు వేసుకుని అరగంట పడుకునే చోటు మీకుందా? నా మటుకు నాకు పద్ధతి కన్నా ఇదే పెద్ద ప్రశ్న.

సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి: ఇవి ఎన్ని చేశారు, మలాశయానికీ యోనికీ మధ్య ఫిస్టులా (రంధ్రం పడి రెండూ కలిసిపోవడం) ఎంతమందికి వచ్చింది, రివిజన్ (సరిచేసే మరో సర్జరీ) అవసరమైతే ఎవరు చేస్తారు? ఇంకొకటి, ప్రోస్టేట్‌ని తీయరు. ముందుముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ సంగతి చెప్పండి.