హైదరాబాద్‌లో సిటీ లోపల పాత ఫ్లాటా, శివార్లలో కొత్త ఫ్లాటా? రేటు ఎక్కడ పెరుగుద్ది?

70 లక్షల బడ్జెట్ ఉంది, సిటీ మధ్యలో పాతది తీసుకోవాలా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) వైపు గేటెడ్ కమ్యూనిటీలో కొత్తది తీసుకోవాలా, పదేళ్లకి ఏది ఎక్కువ పెరుగుద్ది అని అడిగారు కదా. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయండి, అమ్మానాన్నలది సిటీ లోపల నల్లకుంట, అక్కాబావలది శివార్లలో బాచుపల్లి, రెండింటి కాయితాల పనులూ నామీదే పడ్డాయి కాబట్టి లెక్కలు నోటికొచ్చేశాయి.

నల్లకుంటది 2006లో 14 లక్షలు, 950 ఎస్‌ఎఫ్‌టీ. 2024లో అదే బిల్డింగ్‌లో అదే సైజు ఫ్లాట్ 52 లక్షలకి అమ్ముడైంది. బాచుపల్లిది 2015లో 33 లక్షలు, 2024లో వాళ్ల బ్లాక్‌లోనే ఒకరు 62కి అమ్మారు. వినడానికి "తొమ్మిదేళ్లలో డబల్" అని బావ చెప్తే నోరెళ్లబెడతారు గానీ ఏడాదికి ఎంత అని కూర్చుని వేస్తే అది 7 శాతం చిల్లర, నల్లకుంటది ఏడున్నర చిల్లర. పెద్ద తేడా లేదు. అసలు పదేళ్లకి రెట్టింపు అంటేనే ఏడాదికి 7 శాతం, హోమ్ లోన్ వడ్డీ అంతకన్నా ఎక్కువే కట్టాడు మా బావ, ఆ సంగతి మాత్రం ఫంక్షన్లలో చెప్పడు.

ఇంకోటి, ఆ పెరుగుదల ఏటా ఇంత అని మెట్లలాగా రాదు. నల్లకుంటలో 2009 నుంచి 2014 దాకా దాదాపు చలనం లేదు, ఉద్యమం టైమ్ కదా, రాష్ట్రం ఏమవుద్దో తెలీక కొనేవాళ్లంతా ఆగిపోయారు. తర్వాత కదిలింది. బాచుపల్లిలో మొదటి మూడేళ్లు ఏం లేదు, కొవిడ్ తర్వాత అందరికీ వర్క్ ఫ్రమ్ హోమ్‌కి ఇంకో గది కావాలి, పిల్లలకి ఆడుకునే జాగా కావాలి అనిపించాక ఒక్కసారిగా లేచింది. అందుకే ఎవరైనా మూడేళ్ల గ్రాఫ్ చూపించి పెరుగుద్ది అంటే నమ్మకండి, ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపారో చూడండి.

అసలు విషయం యూడీఎస్ అండి, అంటే భూమిలో మీ వాటా. బిల్డింగ్ ఏటేటా పాతబడి విలువ తగ్గుద్ది, పెరిగేది కింద ఉన్న నేల. మా నల్లకుంట బిల్డింగ్ 400 గజాల్లో, 10 ఫ్లాట్లు, అంటే తలా 40 గజాలు, అక్కడ గజం లక్ష పైనే చెప్తున్నారు, కాబట్టి ఆ 52 లక్షల్లో ఎక్కువ భాగం నేలే, గోడలు ఉచితం అనుకోండి. బాచుపల్లిలో అక్క వాళ్ల వాటా 28 గజాలు, అక్కడ గజం రేటు సగం దాకా ఉంటుందేమో, అంటే వాళ్లు కట్టింది ఎక్కువగా స్లాబులకీ క్లబ్‌హౌస్‌కీ.

శివార్లలో అసలు చిక్కు రీసేల్ దగ్గర. మీరు అమ్మేటప్పుడు మీ పోటీ పక్క ఫ్లాట్ ఓనర్‌తో కాదు, ఎదురుగా ఖాళీ స్థలంలో కొత్త టవర్ లేపుతున్న బిల్డర్‌తో. హైదరాబాద్‌లో 2006 నుంచీ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే హద్దు) లేదు, ముంబైలాగా కాదు, రోడ్డు వెడల్పూ సెట్‌బ్యాకులూ ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఓసీ కుదిరితే ఎంత ఎత్తయినా లేపుతారు. కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిందని పేపర్లలో చూసే ఉంటారు, ఎకరానికి 4,840 గజాలు కదా, గజం 2 లక్షల పైమాట. ఆ వార్త వచ్చిన వారం చుట్టుపక్కల ప్రతి ఓనరూ రేటు పెంచేసి కూర్చున్నాడు. కానీ అక్కడ కట్టేవి నలభై యాభై అంతస్తులు, ఒక్కో ఫ్లాట్‌కి వచ్చే నేల ఎంతో మీరే లెక్కేసుకోండి.

అలాగని సిటీలో పాత ఫ్లాట్ బంగారం అనట్లేదు. ఆ 40 గజాల విలువ చేతికి రావాలంటే పదిమందీ సంతకం పెట్టి, పాతది కొట్టేసి కొత్తది కట్టమని బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇవ్వాలి. మా బిల్డింగ్‌లో ఇద్దరు అమెరికాలో ఉన్నారు, ఒకాయన పోయాక వాటాలు తేలక పిల్లలు కోర్టుకెళ్లారు, ఇంకొకావిడ నేను ఉన్నన్నాళ్లూ కదలనంటుంది. అప్పటిదాకా అది కాయితం మీద లెక్కే. పార్కింగ్ ఒక్క కారుకే, అదీ తిట్టుకుంటూ. పాతికేళ్లు దాటితే కొనేవాళ్లకి బ్యాంకు లోన్ తక్కువ ఏళ్లకే ఇస్తుంది, దాంతో కొనేవాళ్లు తగ్గిపోతారు. అద్దె మాత్రం బాగుంటుంది, కోచింగ్ సెంటర్లూ హాస్పిటళ్లూ ఉన్నంతకాలం టులెట్ బోర్డు రెండు వారాలు కూడా ఉండదు.

శివారు అంటే అంతా ఒకటి కాదు కూడా. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, తెల్లాపూర్ దగ్గర రేటు చూసి ఘట్‌కేసర్‌లో కొంటే కుదరదు. ఐటీ అంతా పడమర ఉంది కాబట్టి డబ్బంతా అటే వెళ్లింది. తూర్పున పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, దక్షిణాన ఆదిబట్లలో టీసీఎస్ వచ్చినప్పుడు ఇక చూస్కో అన్నారు, వచ్చాయి గానీ చుట్టూ గచ్చిబౌలి అవ్వలేదు. ఉప్పల్ వైపు కాస్త ఊపొచ్చింది, మెట్రో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకే లైన్ అయ్యాక.

రేట్లు పోల్చేటప్పుడు ఎస్‌ఎఫ్‌టీ రేటు చూసి మోసపోకండి. పాత అపార్ట్‌మెంట్‌లో కామన్ ఏరియా ఎంతని, మెట్లూ చిన్న లిఫ్టూ అంతే. కొత్త టవర్‌లో కారిడార్లూ లాబీలూ జిమ్ములూ అన్నీ మీ సూపర్ బిల్టప్‌లో కలిపేస్తారు, కాబట్టి కార్పెట్ ఏరియా (గోడల లోపల మీరు వాడుకునే జాగా) మీద భాగించి చూడండి. దానికి తోడు కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కి జీఎస్టీ 5 శాతం, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అనే సర్టిఫికెట్) వచ్చినదానికి లేదు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం ఎలాగూ తప్పదు. బాచుపల్లి, నిజాంపేట వైపు అయితే వేసవిలో ట్యాంకర్ ఖర్చెంతో అసోసియేషన్ వాళ్లని ఏప్రిల్, మే నెలల్లో అడగండి, జనవరిలో అడిగితే అంతా బాగానే ఉందంటారు.

మీ 70 లక్షలకి నేనైతే రెండు కొసలూ వదిలేసి మధ్యలో వెతుకుతా. ఉప్పల్, నాగోల్, కూకట్‌పల్లి, మియాపూర్, ఇలా మెట్రోకి నడిచి వెళ్లే దూరంలో, పది పన్నెండేళ్ల లోపు, ఐదంతస్తుల బిల్డింగ్‌లో రీసేల్ ఫ్లాట్, యూడీఎస్ 40 గజాల పైన ఉన్నది. పక్కన పెద్ద ఖాళీ స్థలం లేకపోతే ఇంకా మంచిది. ప్రీ లాంచ్ ఆఫర్ అని ఎవరైనా ఫోన్ చేస్తే రెరా నంబర్ (ప్రాజెక్టుకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్) అడగండి, సగం ఫోన్లు అక్కడే కట్ అయిపోతాయి. యూడీఎస్ ఎంతో బ్రోచర్‌లో కాదు, సేల్ డీడ్‌లో గజాల్లో రాసి ఉందో లేదో అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోండి.