పౌడరు పోసిన గొట్టంలో యాసిడ్: ఫిర్యాదు ఎవరిపై వేయాలి?

ప్రశ్న: మేము వరంగల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఏడాది తొమ్మిది నెలల క్రితం వంటింటి సింకు మూసుకుపోతే కిరాణా దుకాణంలో డ్రైన్ క్లీనర్ పౌడరు ప్యాకెట్ తెచ్చి పోశాను. గంట గడిచినా నీరు కదల్లేదు. మళ్లీ అదే దుకాణానికి వెళ్లి చెబితే, యజమాని పాత కూల్‌డ్రింక్ సీసాలో నింపిన యాసిడ్ ఇచ్చి, ‘ఇది పోయండి, దెబ్బకు పోతుంది’ అన్నాడు. పోయగానే బుస్సున పైకి చిమ్మి, పక్కనే పొయ్యి దగ్గరున్న నా భార్య కుడి కంట్లో, ముంజేతి మీద పడింది. రెండు ఆపరేషన్లు జరిగినా చూపు పూర్తిగా రాలేదు. ఖర్చు నాలుగు లక్షలు దాటింది. ఆమె కుట్టుపని మానేసింది, ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఖర్చు భరిస్తానన్న దుకాణదారు నేడు, రేపు అంటూ తిప్పుకుంటున్నాడు. గొట్టాలు పాడయ్యాయని ఇంటి యజమాని అడ్వాన్సులో నలభై వేలు పట్టుకున్నాడు. యాసిడ్ సంగతి ఎత్తకుండా పౌడరు కంపెనీ మీద ఇరవై లక్షలకు కేసు వేయమని మిత్రుడు చెబుతున్నాడు. ప్యాకెట్ ఫొటో పంపుతున్నాను. సీసాలో కొంచెం యాసిడ్ ఇంకా ఉంది. మాకు న్యాయం జరుగుతుందా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ లేఖలో ఎక్కువ భాగం ఆస్పత్రి కష్టాలకే పోయింది. నష్టపరిహారం ఎంత అన్నది తేల్చేటప్పుడు అవి పనికివస్తాయి గానీ, అసలు పరిహారం వస్తుందా రాదా అన్నది మీరు దాటవేసినట్టు రాసిన ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. ‘మళ్లీ అదే దుకాణానికి వెళ్లి చెబితే’ అన్నారు. ఏమని చెప్పారు? గొట్టంలో పౌడరు పోసి గంటయింది, అయినా నీరు పోలేదు అని చెప్పారా, లేక ఊరికే యాసిడ్ ఉందా అని అడిగారా? మొదటిదైతే, లోపల ఏ రసాయనం ఉందో తెలిసీ దాని మీద పోయమని యాసిడ్ ఇచ్చిన మనిషి బాధ్యుడవుతాడు. రెండోదైతే మీ కేసు సగానికి సగం బలహీనపడుతుంది. కాబట్టి ఆ దుకాణం బల్ల దగ్గర జరిగిన సంభాషణను దేనితో రుజువు చేయగలరో ముందు చూసుకోవాలి.

పౌడరు కంపెనీ సంగతి తేల్చేద్దాం. మీరు పంపిన ఫొటోలో ప్యాకెట్ వెనుక ‘ఇతర రసాయనాలతో కలపరాదు’ అని తెలుగులోనే, ధర కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కింద తయారీదారును నిలదీయాలంటే వస్తువులో లోపమో, సరైన వాడకం సూచనలు గానీ తప్పుగా వాడితే వచ్చే ప్రమాదంపై హెచ్చరిక గానీ లేకపోవడమో చూపించాలి. ఇక్కడ రెండూ కనిపించడం లేదు. ఆ ఒక్క పంక్తిని కొన్న రోజు చదివి ఉంటే మీరు నాకు ఈ లేఖ రాయవలసిన పని ఉండేది కాదు. ఇంట్లోకి మందు తెచ్చేటప్పుడు గడువు తేదీ చూసే మనిషి, గొట్టంలో పోసే విషానికి మాత్రం అట్ట తిప్పి చూడకపోవడం ఏ కోర్టూ సమర్థించని అజాగ్రత్త.

యాసిడ్ మాట దాచి కంపెనీ మీద పడమన్న మీ మిత్రుడి సలహాను ఈ రోజే మరిచిపోండి. ఆ రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ‘ఎలా జరిగింది’ అని అడిగినప్పుడు మీరో మీ భార్యో చెప్పిన మాట కేసు షీటు మొదటి పేజీలో ఉంటుంది. కంపెనీ న్యాయవాది మొట్టమొదట తెప్పించేది ఆ పేజీనే. అందులో ‘పౌడరు పైన యాసిడ్ పోయగా’ అని ఉండి, మీ అఫిడవిట్‌లో యాసిడ్ ఊసే లేకపోతే కేసు అక్కడే ముగుస్తుంది, ఆ తర్వాత మీ మీద కేసు మొదలవుతుంది. ఈ ఫిర్యాదులు వినే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు జరిగే విచారణను వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అందులో తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. నిజంగా చూపు పోగొట్టుకున్న మనిషి కేసును అబద్ధంతో చెడగొట్టుకోవడం కంటే తెలివితక్కువ పని మరొకటి లేదు.

మరి దుకాణదారు ఎందుకు దొరుకుతాడో చూడండి. వినియోగదారుల రక్షణ చట్టంలోనే సెక్షన్ 86 అమ్మకందారు బాధ్యతను చెబుతుంది. తయారీదారు ఎవరో తెలియని వస్తువును అమ్మినవాడు, తయారీదారు మాటతో సంబంధం లేకుండా తానే సొంతంగా భరోసా ఇచ్చి అది తప్పిన వాడు, ప్రమాద హెచ్చరికలను అమ్మేటప్పుడు కొనుగోలుదారుకు చేరవేయని వాడు బాధ్యులే. కూల్‌డ్రింక్ సీసాలో పేరూ ఊరూ లేకుండా యాసిడ్ అమ్మి, ‘దెబ్బకు పోతుంది’ అని నోటితో భరోసా ఇచ్చిన వ్యక్తికి ఈ మూడూ వర్తిస్తాయని వాదించవచ్చు. అతడు సెక్షన్ 87 పట్టుకుంటాడు. హాని జరిగినప్పుడు వస్తువును దుర్వినియోగం చేసి ఉంటే అమ్మకందారు మీద ఫిర్యాదు చెల్లదని అందులో ఉంది. లేబులే లేని సీసాకు సరైన వినియోగం ఏది, దుర్వినియోగం ఏది అన్నది అప్పుడు మనం అడిగే ప్రశ్న. దానికి బలం చేకూరేది, పౌడరు సంగతి అతనికి ముందే తెలుసని మీరు చూపగలిగినప్పుడే.

అది చిమ్మడానికి కారణం కూడా ఫిర్యాదులో రెండు వాక్యాల్లో రాయించండి, ఎందుకంటే అతడు ‘గొట్టంలో గాలి పట్టి చిమ్మింది’ అనవచ్చు. ఇళ్లలో వాడే పౌడర్లలో ప్రధానంగా ఉండేది కాస్టిక్ సోడా, కొన్నింటిలో అల్యూమినియం పలుకులు కూడా కలుపుతారు. కాస్టిక్ సోడా నీటిలో కరిగేటప్పుడే వేడి పుడుతుంది. ఆ వేడితో అది జిడ్డును సబ్బులా మార్చి కదిలిస్తుంది. అందుకే అది వంటింటి గొట్టానికి తగినది. టాయిలెట్ యాసిడ్‌గా అమ్మేది సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పింగాణీ మీద గారను వదిలిస్తుంది గానీ నూనె జిడ్డును కరిగించదు. అంటే మీకు ఇచ్చిన సరుకు ఆ పనికి పనికొచ్చేదే కాదు. పైగా నిలిచిన నీటి కింద కాస్టిక్ సోడా ఉండగా ఆమ్లం పడితే రెండూ కలిసి ఒక్కసారిగా వేడెక్కి, ఆ ఇరుకు గొట్టంలో మరిగి, దారి ఉన్న వైపుకే ఎగజిమ్ముతుంది. ఆ దారి సింకు కన్నం.

ఇక అమ్మకం తీరు. లక్ష్మి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యాసిడ్‌ను దుకాణంలో అమ్మేవారు కొన్నవారి పేరు, చిరునామా, పరిమాణం రిజిస్టరులో రాయాలి, ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నారో అడగాలి, తమ వద్ద ఉన్న నిల్వను సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఉల్లంఘిస్తే 50,000 రూపాయల వరకు జరిమానా. మన దగ్గర ఆ అధికారి ఆర్డీవో. ఆ దుకాణం నిల్వ ప్రకటన ఇచ్చిందా అని పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఆర్డీవో కార్యాలయంలో ఈ వారమే పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవ్వలేదని రాతపూర్వకంగా వస్తే, అది పది మంది నోటి సాక్ష్యం కంటే విలువైన కాగితం. తనది పలుచని టాయిలెట్ క్లీనర్ అనీ, ఆ ఆదేశాలు తనకు వర్తించవనీ దుకాణదారు అనవచ్చు. అందుకే సీసాలో మిగిలినది ముఖ్యం. దాన్ని తెరవకండి, వేరే సీసాలోకి వంచకండి, సొంతంగా పరీక్షలకు పంపకండి. పిల్లలకు అందని చోట నిటారుగా పెట్టి, సీసా నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచండి. ఫిర్యాదుతో పాటు పరీక్ష కోసం దరఖాస్తు పెడితే కమిషనే నమూనాను సీలు చేసి ప్రయోగశాలకు పంపుతుంది. ఇంట్లో మూత తీసిన సీసాకు ఆ గౌరవం ఉండదు.

బల్ల దగ్గరి సంభాషణకు సాక్ష్యం ఎక్కడ వెతకాలి? యాసిడ్‌కు ఫోన్‌లో డబ్బు చెల్లించి ఉంటే ఆ లావాదేవీ సమయం, పౌడరు కొన్న సమయం రెండూ చెల్లింపు యాప్‌లో ఉంటాయి. ఒకే దుకాణానికి గంట తేడాతో రెండు చెల్లింపులు ఉండటం మీ కథనానికి బలమైన ఆసరా. ఆ రాత్రి బంధువులకు పంపిన సందేశాలు, ‘ఖర్చు నేను చూసుకుంటాను’ అని తర్వాతి రోజుల్లో దుకాణదారు పంపిన సందేశాలు ఏమైనా ఉంటే చెరపకండి, ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. వాటి ప్రతులు దాఖలు చేసేటప్పుడు అవి ఫోన్‌లోని అసలు రికార్డు నుంచే తీసినవని చెప్పే ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద జతచేయాలి. ఆ ధ్రువపత్రం మరిచి, ప్రతివాది అభ్యంతరం చెప్పాక వెతుక్కునేవారు చాలామంది. కేసు షీటు నకలు కోసం ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అదే నియమావళి వాటిని 3 ఏళ్లు భద్రపరిస్తే చాలంటుంది కాబట్టి ఇందులోనూ ఆలస్యం పనికిరాదు.

అన్నిటికంటే తొందర పెట్టేది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మీకు మిగిలింది సుమారు మూడు నెలలు. ‘రేపిస్తా’ అన్న మాటలు ఆ గడియారాన్ని ఆపవు, లీగల్ నోటీసు పంపినా ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నప్పటికీ, రాజీ కుదురుతుందని ఊరుకున్నామన్న సాకు మీద ఆశ పెట్టుకోకండి. ముందు ఫిర్యాదు దాఖలు చేయండి. దుకాణదారుకు నిజంగా రాజీ ఇష్టమైతే అదే చట్టం కింద కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది, అక్కడ కుదిరిన ఒప్పందానికి విలువ ఉంటుంది.

ఫిర్యాది మీరు కాకూడదు, మీ భార్య కావాలి. కొన్నవారి అనుమతితో వస్తువు వాడే వ్యక్తిని కూడా చట్టం వినియోగదారుగా చూస్తుంది, ఆ వంటిల్లు ఆమెది కూడా. యాసిడ్ పోసింది మీరు కాబట్టి మీ అజాగ్రత్తను ప్రతివాది ఎత్తిచూపుతాడు. పక్కన పొయ్యి దగ్గర నిలబడి ఉన్న ఆమె వైపు మాత్రం ఏ తప్పూ లేదు. మీరు సాక్షిగా అఫిడవిట్ ఇవ్వండి. అందులో ప్యాకెట్ మీది హెచ్చరిక చదవలేదన్న నిజాన్ని కూడా రాయండి, ఎదుటివారు బయటపెట్టే దాకా ఆగకండి. కంటి చూపు ఎంత తగ్గిందో ప్రభుత్వ మెడికల్ బోర్డు నుంచి ధ్రువపత్రం తెచ్చుకోండి, కుట్టుపని ఆదాయానికి ఉన్న ఆధారాలేవైనా జతచేయండి. ఇరవై లక్షలు అడిగితే ఫీజు ఎక్కువవుతుందని భయపడవద్దు. 2019 చట్టం కింద ఏ కమిషన్‌కు వెళ్లాలో, ఎంత ఫీజు కట్టాలో తేలేది వస్తువుకు చెల్లించిన ధరను బట్టి. అది 5 లక్షలలోపు ఉంటే ఫీజే లేదు. కాబట్టి మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, వినియోగదారుల ఫిర్యాదుల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా, దాఖలు చేయవచ్చు.

ఇంటి యజమాని విషయం చిన్నది. ఇల్లు అప్పగించిన స్థితిలోనే తిరిగి ఇవ్వాలన్నది ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 108 పెట్టిన బాధ్యత. మామూలు అరుగుదలకు అందులో మినహాయింపు ఉంది గానీ మీరు పోసినదాని వల్ల గొట్టం మెత్తబడి ఉంటే అది అరుగుదల కాదు. అయితే నలభై వేలకు ఆయన మరమ్మతు బిల్లులు చూపాలి. రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే మిగతా సొమ్ముకు దావా వేయడానికి 3 ఏళ్ల గడువు ఉంటుంది. ఆ బిల్లులే కమిషన్ ముందు మీ ఆస్తి నష్టానికి ఆధారమవుతాయి.

మళ్లీ సింకు మూసుకుంటే మొదట రబ్బరు పంపు, తర్వాత స్ప్రింగు తీగ వాడండి. బాత్‌రూములో వెంట్రుకలకైతే తీగే పనిచేస్తుంది. ఎంజైము ద్రావణాలు రాత్రంతా పోసి ఉంచవలసినవి, పూర్తిగా మూసుకుపోయిన గొట్టాన్ని వెంటనే తెరుస్తాయని ఆశించకూడదు. పౌడరే వాడితే అట్ట మీది సూచన దాటి వేడినీళ్లు కూడా పోయకండి. అప్పటికీ కదలకపోతే ప్లంబరును పిలవండి. లోపల ఏ రసాయనం ఉందో అతడు సింకు కింది వంపు గొట్టం (ట్రాపు) విప్పక ముందే చెప్పండి, వీలైతే ఫోన్‌లో సందేశంగా పంపండి. చెప్పకుండా విప్పించి అతని చేతులు కాలితే, ఆ కేసులో ప్రతివాది మీరే అవుతారు.