చెల్లోతో చలికాలం ప్రయాణాలు: ఆడిషన్ల ప్లాన్ అక్టోబరులోనే వేసుకోండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడుకు వచ్చింది. చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) వాయిస్తుంది, కాలేజీలో కూడా మ్యూజిక్కే చదువుతానంటోంది. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ, బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీ, క్లీవ్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్, ఓబర్లిన్, రాచెస్టర్‌లో ఈస్ట్‌మన్, బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కన్జర్వేటరీ, న్యూయార్క్‌లో జూలియార్డ్. మొత్తం ఏడు రాసుకుంది. ఆడిషన్లన్నీ దాదాపు ఫిబ్రవరిలోనే అంటున్నారు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. చెల్లోను విమానంలో ఎలా తీసుకెళ్లాలో కూడా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తండ్రి

జవాబు: ముందుగా ఒక మాట. ఏడు స్కూళ్లకు అప్లై చేయడం వేరు, ఏడు ఊళ్లు తిరగడం వేరు. ఆడిషన్ గదిలో అమ్మాయి ఉండేది పది, పదిహేను నిమిషాలే. మిగతా ప్రయాణమంతా ఆ కాసేపు ఆమె చేతులు వెచ్చగా, కళ్లు తేటగా, చెల్లో శ్రుతిలో ఉండడం కోసమే. తక్కువ టికెట్ దొరికిందనో, ఒక సెలవు మిగులుతుందనో వేసిన ప్లాన్ చాలాసార్లు ఈ మూడింట్లో ఒకదాన్ని చెడగొడుతుంది.

క్యాలెండర్ చూద్దాం. ఈ స్కూళ్లలో చాలావాటికి అప్లికేషన్, ప్రీస్క్రీన్ (ఆడిషన్‌కు ఎవరిని పిలవాలో తేల్చే) రికార్డింగులు డిసెంబరు 1 ప్రాంతంలో ఇవ్వాలి. ప్రీస్క్రీన్ ఫలితం డిసెంబరు చివరి నుంచి జనవరి మధ్యలోపు వస్తుంది. ఆడిషన్లు జనవరి చివర మొదలై మార్చి మొదటి వారం వరకు, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో జరుగుతాయి. అంటే పిలుపు వచ్చాక మొదటి ఆడిషన్‌కు రెండు, మూడు వారాలే మిగలొచ్చు. అప్పుడు కూర్చుని ప్లాన్ వేద్దామంటే కుదరదు. చాలా స్కూళ్లు ఏ తేదీలు మీకు వీలవుతాయో అప్లికేషన్‌లోనే అడుగుతాయి. అందుకే ఏడు స్కూళ్ల ఆడిషన్ తేదీలూ అక్టోబరులోనే ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, మీకు కావలసిన వరస నిర్ణయించుకుని, ఆ ప్రకారమే అప్లికేషన్లు నింపండి.

టెక్సాస్ పిల్లలకు ఇందులో ఒక చిక్కుంది, చాలామంది దాన్ని ఆఖర్న చూస్తారు. రాష్ట్ర మ్యూజిక్ టీచర్ల సంఘం, టీఎంఈఏ, ఏటా ఫిబ్రవరిలో, మామూలుగా రెండో వారం అటూఇటూగా, శాన్ ఆంటోనియోలో సదస్సు పెడుతుంది. రాష్ట్రమంతటి నుంచి ఎంపిక చేసిన పిల్లల ఆల్‌స్టేట్ ఆర్కెస్ట్రాలో చోటు దొరికిన పిల్లలు బుధవారం నుంచి శనివారం దాకా అక్కడ రిహార్సల్స్‌లో ఉండి తీరాలి. మీ అమ్మాయికి ఆ అవకాశముంటే ఆ వారాంతం ఏ స్కూలుకూ ఇవ్వకండి.

ఇక వరస. అన్నిటికన్నా ఇష్టమైన స్కూలును మొదటి ఆడిషన్‌గా పెట్టొద్దు. కొత్త ఊళ్లో, కొత్త కుర్చీలో, ముక్కూమొహం తెలియని ప్రొఫెసర్ల ఎదుట వాయించడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలియాల్సింది కాస్త తక్కువ బెంగ ఉన్న చోట. ఇండియానా యూనివర్సిటీలో సాధారణంగా మూడు వారాంతాలుంటాయి. అన్నిటికన్నా ముందున్నది తీసుకుంటే అదే మంచి ఆరంభం. డాలస్ నుంచి ఇండియానాపొలిస్‌కు నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి బ్లూమింగ్టన్ 50 మైళ్లు. రైస్‌కు కారులోనే వెళ్లండి. ఫ్రిస్కో నుంచి దాదాపు 265 మైళ్లు, నాలుగు గంటల పైనే, చెల్లో వెనక సీట్లో పడుకోబెట్టుకుని.

క్లీవ్‌లాండ్, ఓబర్లిన్ రెండూ ఒకే ప్రయాణంలో అవుతాయి. ఊళ్ల మధ్య 35 మైళ్లే, పైగా క్లీవ్‌లాండ్ ఎయిర్‌పోర్టు ఊరికి నైరుతి దిక్కున, ఓబర్లిన్ వైపే ఉంటుంది. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి అడగండి. ఒకే రోజు రెండూ మాత్రం వద్దు. ఆడిషన్‌తో పాటు థియరీ పరీక్ష, ఇంటర్వ్యూ లాంటివి ఉంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే అయిపోతుంది. బోస్టన్, న్యూయార్క్ కూడా తేదీలు దగ్గరగా వస్తే జత చేసుకోవచ్చు. ఈ రెండింటి మధ్య విమానం వద్దు, ఆమ్‌ట్రాక్ రైలెక్కండి. నాలుగు గంటలకు అటూఇటూ పడుతుంది, చెల్లోకు ఎయిర్‌పోర్టులో ఉన్నన్ని తనిఖీలు ఉండవు. బోస్టన్‌లో సౌత్ స్టేషన్‌కు కాక బ్యాక్ బే స్టేషన్‌కు టికెట్ తీసుకోండి. న్యూ ఇంగ్లండ్ కన్జర్వేటరీకి అదే దగ్గర.

మ్యాపు చూసి చాలామందికి పుట్టే ఇంకో ఆలోచన ఉంది: క్లీవ్‌లాండ్ నుంచి కారులో రాచెస్టర్‌కు, నాలుగు గంటల దారే కదా అని. ఫిబ్రవరిలో ఆ పని చేయకండి. ఆ ఐ-90 రోడ్డు ఈరీ సరస్సు ఒడ్డు పట్టుకుని బఫెలో మీదుగా పోతుంది. సరస్సు మీది తేమ ఒడ్డున మంచుగా కురిసే ప్రాంతమది. ఒక చోట ఎండ కాస్తుంటే ఇరవై మైళ్ల అవతల కళ్లు కనిపించనంత మంచు పడుతుంది, రోడ్డు మూసేస్తారు. టెక్సాస్‌లో నడిపిన చేతులకు అది కొత్త. ఈస్ట్‌మన్‌కు విడిగా విమానంలో వెళ్లండి, లేదా ఆ ఏడాది స్కూలు రికార్డింగ్ ఆడిషన్‌కు ఒప్పుకుంటుంటే వీడియో పంపండి. ఏడింట్లో ఒకటో రెండో రికార్డింగ్‌తో సరిపెడితే తప్పేమీ లేదు. అలసిపోయి గదిలోకి వెళ్లడం కన్నా బాగా వచ్చిన వీడియో నయం. ఏది వీడియోతో సరిపెట్టాలన్నది అమ్మాయి టీచరుతో మాట్లాడి తేల్చుకోండి.

ఇప్పుడు చెల్లో సంగతి. వయొలిన్ అయితే పై అరలో పెట్టుకోవచ్చు. 2015 నుంచి అమల్లో ఉన్న అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం, మీరు ఎక్కే సమయానికి అరలో చోటుంటే చిన్న వాద్యాన్ని కాదనకూడదు. చెల్లోకు మాత్రం సీటు కొనాలి. అదే నిబంధన, కేసుతో కలిపి 165 పౌన్ల వరకు ఉన్న వాద్యాన్ని సీటు కొని తీసుకెళ్లడానికి వీలిస్తుంది, మీ చెల్లో అందులో పావు వంతు కూడా ఉండదు. కాబట్టి ఒక తండ్రో తల్లో, అమ్మాయి, చెల్లో: ప్రతి ప్రయాణానికీ మూడు టికెట్లు. బడ్జెట్ అలాగే వేసుకోండి.

చెల్లో టికెట్ వెబ్‌సైట్లో మూడో మనిషిగా కొనకండి. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి, క్యాబిన్‌లో సీటు మీద పెట్టే సామాను అని చెప్పి, మీ ముగ్గురి టికెట్లూ ఒకే బుకింగ్‌లో తీయించండి. కేసు పొడవు, వెడల్పు, మందం, బరువు టేపు పట్టి కొలిచి ముందే రాసి పెట్టుకోండి, ఫోన్లో అవే అడుగుతారు. సీటు సాధారణంగా కిటికీ పక్కనే ఇస్తారు. ఎమర్జెన్సీ ద్వారం వరసలో ఇవ్వరు, ఎవరి దారికీ అడ్డు రాకూడదు. విమానం ఏ రకమో కచ్చితంగా అడగండి. చిన్న ఊళ్లకు తిరిగే చిన్న జెట్లలో కొన్నిచోట్ల చెల్లోను సీట్లో పెట్టనివ్వరు. రాచెస్టర్ లాంటి ఊరికి మధ్యలో విమానం మారాల్సి వస్తే సమస్య వచ్చేది ఆ రెండో విమానంలోనే. ప్రయాణానికి ముందు రోజు మళ్లీ చూసుకోండి, విమానం మార్చేసి ఉంటే అప్పుడే ఫోన్ చేయాలి.

చెల్లో ఉన్న బుకింగ్‌కు ఆన్‌లైన్ చెకిన్ తరచుగా పని చేయదు. రెండున్నర గంటల ముందే కౌంటర్ దగ్గర ఉండండి. తనిఖీలో కేసు ఎక్స్‌రే సొరంగంలో పట్టకపోతే చేత్తో చూస్తారు. "మా అమ్మాయి తెరిచి చూపిస్తుంది" అని మర్యాదగా చెప్పండి, కేసులో ఏ క్లిప్ ముందు తీయాలో ఆమెకే తెలుసు. గేటు దగ్గర ముందుగా ఎక్కనివ్వమని, సీటు బెల్టుకు అదనపు పట్టీ ఇమ్మని అడగండి. ఆ పట్టీ లేకపోతే బెల్టు కేసు చుట్టూ అందదు. సామానులో వేసి పంపడం మాత్రం, గట్టి కేసు ఉన్నా, నేను చెప్పను.

టికెట్లు బేసిక్ ఎకానమీలో కొనొద్దు. పెద్ద ఎయిర్‌లైన్స్ 2020 నుంచి దేశం లోపలి మామూలు ఎకానమీ టికెట్లకు తేదీ మార్పు రుసుము తీసేశాయి, ధరలో తేడా ఒక్కటే కట్టాలి. ఫిబ్రవరిలో మీకు కావలసింది ఈ వెసులుబాటే. శనివారం పొద్దున ఆడిషన్ ఉంటే గురువారం మధ్యాహ్నమే బయల్దేరండి. గురువారం విమానం రద్దయినా శుక్రవారం చేతిలో ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆఖరి విమానం మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు అది పోతే ఇక దారి లేదు. మంచు అక్కడే పడుతుందనీ అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసే గడ్డకట్టింది, 2023లో ఫిబ్రవరి మొదటి రోజుల్లో డాలస్‌లో గడ్డకట్టిన వానకు వేలల్లో విమానాలు ఆగిపోయాయి. ఇరుక్కుపోతే వెంటనే అడ్మిషన్స్ ఆఫీసుకు ఫోన్ చేయండి, ఈమెయిల్ కూడా పెట్టండి. వాతావరణం వల్ల ఆలస్యమైన వాళ్లకు వేరే సమయమో, తర్వాతి వారాంతమో, వీడియోనో ఏదో ఒక దారి చూపించడం వాళ్లకు అలవాటే. దీనికోసమే ఆడిషన్‌లో వాయించేదంతా డిసెంబరులోనే మంచి వీడియోగా తీసి దాచిపెట్టుకోండి.

శుక్రవారం ఖాళీగా పోదు. ఏ ప్రొఫెసర్ దగ్గర చేరాలనుకుంటోందో ఆయన్నో ఆవిడనో ట్రయల్ లెసన్ అడగండి, అదీ అక్టోబరులోనే ఈమెయిల్ రాసి. కొందరు ఫీజు తీసుకుంటారు, కొందరు ఆడిషన్ల రోజుల్లో ఇవ్వరు. ఆడిషన్‌కు పియానో తోడు ఎవరిస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. కొన్ని స్కూళ్లు వాళ్లే ఏర్పాటు చేస్తాయి, కొన్నిచోట్ల మనమే చూసుకోవాలి, కొన్నిచోట్ల అసలు పియానో లేకుండా వాయించాలి.

చలికి చెల్లో ఏమవుతుందో మీరూ తెలుసుకోండి. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్ వేడి. ఆ గాలిలో తేమ ఉండదు. చెక్క కుంచించుకుపోతుంది. తీగలు బిగించే బిరడలు వదులై జారిపోతాయి, అంచుల్లో జిగురు పెట్టిన అతుకులు విడుతాయి, వాయిస్తుంటే గరగరమనే శబ్దం వస్తుంది. కేసులో చిన్న తేమ కొలిచే మీటరు పెట్టుకోండి, 40 శాతానికి తగ్గకుండా చూడండి. తేమ కోసం చెల్లో లోపల పెట్టే తడి గొట్టాన్ని బాగా పిండి, తుడిచి మాత్రమే పెట్టాలి. నీటి చుక్క లోపల పడితే చెక్క పాడవుతుంది. బయటి నుంచి హోటల్ గదికి రాగానే కేసు తెరవొద్దు, అరగంట అలాగే వదిలేయండి. కమాను వెంట్రుకలు పొడిగాలిలో బిగుసుకుంటాయి, అందుకని వాయించడం అవగానే పూర్తిగా వదులు చేయాలి. తీగలు నాలుగూ ఒకేసారి వదులు చేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. లోపల నిలబెట్టిన చిన్న చెక్క కడ్డీ, సౌండ్‌పోస్ట్, పడిపోతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడం రిపేరు చేసేవాళ్ల పని. ప్రతి ఊళ్లో వయొలిన్లు, చెల్లోలు బాగుచేసే ఒక షాపు నంబరు ముందే ఫోన్లో వేసుకోండి.

విడి తీగలు కొత్తవి కాదు, ఇంతకుముందు వాడి తీసినవి పెట్టుకోండి. కొత్త తీగ కొన్ని రోజుల దాకా సాగుతూనే ఉంటుంది, ఆడిషన్ మధ్యలో శ్రుతి దిగిపోతుంది. ఇంకో చిన్న వస్తువు, కుర్చీ కాలికి తగిలించే ఎండ్‌పిన్ పట్టీ. నున్నటి చెక్క నేల మీద చెల్లో కింది మొన జారితే మొదటి స్వరానికే ధైర్యం జారుతుంది. ఇది కేసు జేబులో ఉందో లేదో బయల్దేరే ముందు మీరు కూడా చూడండి.

హోటల్ స్కూలుకు నడిచే దూరంలో, చివరి గది అడిగి తీసుకోండి. శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టి సాధన చేసినా గోడవతల వినిపిస్తుంది. ఫ్రిజ్ ఉన్న గదైతే పెరుగన్నం పని అవుతుంది, ఆడిషన్ రోజు కొత్త హోటల్ తిండితో ప్రయోగాలు వద్దు. తూర్పు రాష్ట్రాల గడియారం మనకన్నా గంట ముందు. అక్కడి తొమ్మిది అంటే అమ్మాయి ఒంటికి ఎనిమిది. వేళ్లు తేలికపడడానికి గంటైనా కావాలి కాబట్టి, సమయం ఎంచుకునే వీలుంటే పదకొండు తర్వాత అడగండి.

గదిలోకి మీకు ప్రవేశం ఉండదు. ప్రొఫెసర్లు మధ్యలోనే "చాలు, తర్వాతది" అంటారు. వాళ్లకు కావలసింది విన్నారని మాత్రమే దానర్థం. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి. బయటికి వచ్చాక "ఎలా వాయించావు?" అని అడగకుండా కోటు అందించి, భోజనానికి తీసుకెళ్లండి. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

ఇద్దరూ ప్రతిసారీ వెళ్లక్కర్లేదు, వంతులు వేసుకోండి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు పెద్ద ఎయిర్‌లైన్స్‌లో ఒంటరిగా వెళ్లొచ్చు కానీ హోటళ్లు మైనర్ల పేర గది ఇవ్వడం కష్టం. మీ అమ్మాయికి ఆ నెలల్లో పద్దెనిమిది నిండుతాయేమో చూడండి. నిండిన రోజు నుంచే విమానం ఎక్కడానికి ఆమెకు రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాల ప్రకారం రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) గానీ పాస్‌పోర్టు గానీ కావాలి. మీరు హెచ్-1 వీసా మీద ఉంటే ఇండియన్ పాస్‌పోర్టు సరిపోతుంది.

ఫలితాలు ఏప్రిల్ 1 నాటికి చాలావరకు వచ్చేస్తాయి, మే 1లోపు ఒక స్కూలుకు ఒప్పుకోవాలి. స్కాలర్‌షిప్ చూసుకుని రెండు స్కూళ్ల మధ్య ఆగిపోతే, ఏప్రిల్‌లో ఇంకోసారి వెళ్లి అక్కడి క్లాసులో కూర్చుని రావాల్సి ఉంటుంది. ఆ ప్రయాణానికి చెల్లో సీటు అక్కర్లేదు. రెండు టికెట్ల డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.