మా మామ్మ 90 దాటి బతికిందంటే ఊళ్ళోవాళ్ళ బాకీల పుణ్యమే

"మీ ఇంట్లో 90 దాటిన పెద్దావిడ ఎవరైనా ఉంటే చెప్పండి, అంత ఆయుష్షుకి ఏం తినేవారో కూడా రాయండి" అని అడిగారు. ఏం తినేదో ముందే చెప్పేస్తా, ఆ ముచ్చట తీరిపోతుంది. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మూడు పూటలా తెల్లన్నమే తినేది, కూరలో ఉప్పు తగ్గితే కంచం పక్కకి నెట్టేసేది, కాఫీలో రెండు చెంచాల పంచదార లేకపోతే కాఫీయే కాదనేది. ఒకసారి మా అమ్మ రాగిజావ కాచిస్తే "నాకేం రోగమొచ్చిందే" అని తీసుకెళ్ళి గేదెకి పోసింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ పిండుకుంటే నూరేళ్ళు బతుకుతారని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు ఆవిడని చూసుంటే ఛానల్ మూసుకునేవాళ్ళు.

మాది కృష్ణా జిల్లా దివిసీమ, అవనిగడ్డకి దగ్గర్లో పల్లెటూరు. ఆవిడ అసలు వయసు ఇంతని గట్టిగా చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆధార్‌లో 1940 జనవరి 1 అని వేశారు, మన ఊళ్ళలో ముసలాళ్ళంతా జనవరి ఒకటినే పుట్టారు కదా! కానీ బెజవాడలో పాత ఆనకట్ట తెగిన ఏడు, అంటే 1952లో, మా పెద్దత్త గోడ పట్టుకుని నడుస్తోందట. మరి ఆధార్ నిజమైతే మామ్మ పదకొండేళ్ళకే బిడ్డని కన్నదనుకోవాలి. ఆవిడ కేలండరే వేరు. ఆనకట్ట తెగిన ఏడు, బ్యారేజీ అయిన ఏడు, ఉప్పెన ఏడు, రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చిన ఏడు. ఆ తర్వాతంతా పింఛను లెక్కే, 200 ఉన్న రోజులు, 2014లో వెయ్యి చేశాక, 2019లో రెండు వేలు చేశాక. నా పెళ్ళి కూడా ఆవిడ లెక్కలో "వెయ్యి పింఛను అప్పుడు" జరిగింది.

ఉప్పెన గురించి మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. 1977 నవంబరు 19, శనివారం. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళనే సముద్రం లాక్కెళ్ళింది, సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. మా ఊరిదాకా కెరటం రాలేదు గానీ గాలికి ఇంటికప్పు లేచిపోయింది. ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది అగ్గిపుల్లల గురించే. తడిసినా సరే బియ్యం ఉన్నాయి, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు, పొయ్యి వెలిగిద్దామంటే బజారు మొత్తం తిరిగినా పొడి అగ్గిపుల్ల ఒక్కటి దొరకలేదంట. అప్పట్నుంచి అగ్గిపెట్టెలు పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరుబ్యాండు వేసి అటక మీద, బియ్యం డబ్బాలో, దేవుడి పటాల వెనకాల దాచడం మొదలుపెట్టింది, గ్యాసు వచ్చి లైటరు వచ్చాక కూడా మానలేదు. మా అమ్మ విసుక్కునేది, ఈవిడ పట్టించుకునేది కాదు.

సరే, బాకీల సంగతికొస్తా. పింఛను డబ్బుల్లో పైసా తన మీద ఖర్చు పెట్టుకునేది కాదు. మా బజార్లో ఆడవాళ్ళకి వందా రెండొందలూ చేబదులిచ్చేది. వడ్డీ లేదు, కానీ అసలు మాత్రం బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా వదిలేది కాదు. చదువు రాదు కాబట్టి వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు, పాలావిడకి చెంబు బొమ్మ, బట్టలు కుట్టే ఆవిడకి కత్తెర బొమ్మ, పక్కన వందకో గీత. ఇల్లంతా రంగులు వేయించినప్పుడు కూడా ఆ జానెడు గోడ జోలికి పెయింటరుని రానివ్వలేదు.

ఆ వెయ్యి పింఛను రోజుల్లోనే ఒకసారి నేను సెలవులకి ఊళ్ళో ఉంటే పంచాయతీ ఆఫీసుకి తోడు తీసుకెళ్ళింది. వేలిముద్ర మిషను పెట్టారు అప్పటికే. ఈవిడ బొటనవేలు పెడితే పడదు. ఆ కుర్రాడు పాపం "సబ్బుతో కడుక్కురండి మామ్మగారూ" అన్నాడు, కడిగింది. తలకి రుద్దుకుని పెట్టమన్నాడు, రుద్దుకుంది. పది వేళ్ళూ అయ్యాయి. మిషను ఒకటే మాట, ఈవిడ ఆవిడ కాదని. "నేను నేను కాకపోతే మరెవర్నిరా? పిడకలు కొట్టి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళకి గీతలెక్కడుంటాయి, మీ అమ్మ చెయ్యి చూడు తెలుస్తుంది" అని గట్టిగా వేసుకుంది. ఇది మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, జీవితమంతా ఒళ్ళొంచి పనిచేసిన వాళ్ళకే ముద్రలు పడవు, ఏ పనీ చెయ్యని నాలాంటోడికి మొదటిసారికే టకీమని పడుతుంది, ఆ మిషను కొన్నవాళ్ళకి ఈ మాత్రం తట్టలేదా అని. సాయంత్రం కళ్ళ మిషను వస్తుంది, ఇంటికెళ్ళి రమ్మన్నారు. నేను పదమన్నా కదల్లేదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది, పింఛను తీసుకుని బయటికొచ్చే ప్రతివాళ్ళూ ఆవిడ కాళ్ళు దాటే వెళ్ళాలి, నోట్లు ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. "ఏమ్మా, బావున్నావా, కోడలు నీళ్ళోసుకుందంటగా" అని మొదలుపెట్టి మూడో మాటకి వంద చేతిలో వేయించుకునేది. సాయంత్రం కళ్ళ మిషనుకి పని పడేసరికి ఆవిడ కొంగుముడిలో వెయ్యికి పైనే ఉంది, పింఛను కాకుండా.

తర్వాత కొన్నేళ్ళకి వాలంటీర్లు ఒకటో తారీకు పొద్దున్నే పింఛను ఇంటికి తెచ్చివ్వడం మొదలైంది. ముసలాళ్ళందరూ దీవించారు, ఈవిడొక్కతే తిట్టింది. అరుగు పోయింది కదా, ఇంటింటికీ తిరగాల్సొచ్చేది. తిరిగేది కూడా, కర్ర పట్టుకుని.

మధ్యలో మా బాబాయి ముచ్చటపడి హైదరాబాద్ తీసుకెళ్ళాడు. కూకట్‌పల్లిలో అయిదో అంతస్తు, ఏసీ రూము, చేతిలో రిమోట్, టైముకి టాబ్లెట్లు. అసలీ అపార్ట్‌మెంట్ల వాళ్ళకి పెద్దవాళ్ళని చూసుకోవడం అంటే సీరియల్ ముందు కూర్చోబెట్టి పళ్ళరసం ఇవ్వడమే, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో వీళ్ళకే తెలీదు, ఆవిడ ఎవరితో మాట్లాడాలి? సంక్రాంతికి వచ్చేసరికి మనిషి సగమైంది, నన్ను పట్టుకుని మా నాన్న పేరుతో పిలిచింది. డాక్టరు వయసు మీద పడింది, అంతే అన్నాడు. ఏం కాదు. ఊళ్ళో దింపిన రెండోరోజు, బట్టలు కుట్టే ఆవిడ మిషను అమ్మేసి కూతురు దగ్గరకి గుంటూరు వెళ్ళిపోతోందని ఎవరో చెప్పారు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళింది. నాలుగు గీతల బాకీ, నాలుగు గీతలూ చెరిపించుకునే వచ్చింది. ఆ తర్వాత నా పేరు ఎప్పుడూ తప్పు పిలవలేదు. మందులతో కాదు, రేపు ఫలానావాళ్ళని అడగాలి అనే పని ఉంటే మనిషి లేచి కూర్చుంటాడు. దీన్ని నాకు ఏ డాక్టరూ కాదని చెప్పలేడు.

2023లో పోయింది, నిద్రలోనే. పెద్దకర్మ రోజు ఎదురింటి మామ్మగారు వచ్చింది, ఈవిడకి ఆడపడుచు వరస, మూడొందల దగ్గర ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఏడ్చింది, భోంచేసింది, గారెలు ఇంకోసారి వేయించుకుంది. చెయ్యి కడుక్కుని వెళ్తూ వెళ్తూ మా అమ్మతో "మీ అత్త గోడ మీద గీత ఉందేమో గానీ నేను మాత్రం ఎప్పుడో ఇచ్చేశానమ్మా" అంది. మా పెద్దత్త ఊరుకుంటుందా, "ఎప్పుడిచ్చావో చెప్పు, ఏ పింఛనప్పుడు?" అని గేటు దాకా వెంటపడింది.